ట్యాక్సీ డ్రైవరుకు అనుమతి ఎవరివ్వాలి: నగరమా, రాష్ట్రమా, కంపెనీయా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ తమ్ముడు కర్నూలులో లైసెన్సు తీసుకుని, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను ఉన్న కారును హైదరాబాదులో క్యాబ్‌గా నడుపుతున్నాడు. శంషాబాద్ విమానాశ్రయం దారిలో కొందరు స్థానిక డ్రైవర్లు అతన్ని ఆపి, పక్క రాష్ట్రం లైసెన్సు ఇక్కడ చెల్లదని గొడవ పడుతున్నారు. ఇలాంటి తగాదాలు పోవడానికి ట్యాక్సీ డ్రైవర్లకు ప్రతి రాష్ట్రమూ విడిగా లైసెన్సు ఇవ్వడం మంచిదా, లేక అది కొత్త ఇబ్బందులకు దారి తీస్తుందా అన్నది మీ సందేహం. నేను రవాణా శాఖలో మోటారు వాహనాల తనిఖీ అధికారిగా, జనం మాటలో బ్రేకిన్స్పెక్టరుగా, ఉమ్మడి రాష్ట్రంలోనూ ఆ తరువాత తెలంగాణలోనూ పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ విషయంపై నాకు స్థిరమైన అభిప్రాయం ఉంది. బండి నడిపే లైసెన్సు ఇప్పుడున్నట్టే దేశమంతటికీ ఒకటిగా ఉండాలి. కిరాయికి ప్రయాణికులను ఎక్కించుకునే మనిషికి మాత్రం దానిపైన మరొక అనుమతి అవసరం. ఆ అనుమతిని నగరమో, యాప్ కంపెనీయో కాకుండా రాష్ట్రమే ఇవ్వాలి. అయితే అది స్థానికత పరీక్షగా మారకుండా చట్టంలోనే కట్టడి ఉండాలి.

ముందుగా మీ తమ్ముడి దగ్గరున్న కాగితాలను వేరుచేసి చూద్దాం. ఈ గొడవలో సగం, మూడు వేర్వేరు కాగితాలను ఒకటే అనుకోవడం వల్ల వచ్చినది. డ్రైవింగ్ లైసెన్సు మనిషికి ఇచ్చేది. 1988 మోటారు వాహనాల చట్టం 13వ సెక్షను ప్రకారం అది దేశమంతటా చెల్లుతుంది. కర్నూలులో ఇచ్చినా కోహిమాలో ఇచ్చినా హైదరాబాదులో దానికి ఒకటే విలువ. పర్మిట్ బండికి ఇచ్చేది. దాన్ని చట్టం 66వ సెక్షను తప్పనిసరి చేసింది, రాష్ట్ర రవాణా ప్రాధికార సంస్థ గానీ ప్రాంతీయ సంస్థ గానీ ఇస్తుంది. ఒక రాష్ట్రం పర్మిట్ మరొక రాష్ట్రంలో చెల్లాలంటే అక్కడి సంస్థ కౌంటర్ సంతకమో, అఖిల భారత టూరిస్టు పర్మిటో ఉండాలి. మూడవది పన్ను. మోటారు వాహనాలు రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని ఉమ్మడి జాబితాలో 35వ అంశం కాగా, వాటిపై పన్ను రాష్ట్రాల జాబితాలో 57వ అంశం. అందువల్ల డ్రైవింగుకు సంబంధించిన మూల చట్టం దేశానికంతటికీ ఒకటైనా, పన్ను మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. 2024 జూన్ 2తో హైదరాబాదు ఉమ్మడి రాజధాని గడువు ముగిశాక, అదే ఏడాది ఆగస్టులో ఆంధ్ర రిజిస్ట్రేషను క్యాబ్‌లను వెళ్ళిపొమ్మంటున్నారని డ్రైవర్లు ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ దగ్గరకు వెళ్ళి మొరపెట్టుకున్నారు. నిజానికి అక్కడి వివాదమంతా బండి పన్ను గురించి, పర్మిట్ గురించి. ఆ డ్రైవర్ల లైసెన్సుల్లో ఏ లోపమూ లేదు. మీ తమ్ముడితో చెల్లదని అన్నవారు పొరపాటు పడ్డారు, లేదా కారు గురించి చెప్పవలసిన మాటను మనిషి మీద పెట్టారు.

ఇక అసలు ప్రశ్న. కిరాయి బండి నడిపే మనిషిని ప్రభుత్వం విడిగా పరీక్షించాలా? మొన్నమొన్నటి దాకా పరీక్షించేది. సొంత కారు నడిపే లైసెన్సుతో కనీసం ఏడాది గడిచాకే రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్సు ఇచ్చేవాళ్ళం. వయసు 18 చాలదు, 20 నిండాలి. వైద్యుడి ధ్రువపత్రం కావాలి. ఆపైన కిరాయి బండి డ్రైవరు గుర్తుగా బ్యాడ్జి. రవాణా వాహనం నడపవచ్చని లైసెన్సు మీద నమోదు చేసే ఆ ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంటును మూడేళ్ళకోసారి, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత అయిదేళ్ళకోసారి, రెన్యువలు చేయించుకోవాలి. ఈ పద్ధతిలో లోపాలు లేవని నేను అనను. బ్యాడ్జి కోసం కార్యాలయాల చుట్టూ ఏజెంట్లను పట్టుకుని తిరగడం, ఎనిమిదో తరగతి సర్టిఫికెట్టు లేక మంచి డ్రైవర్లు ఆగిపోవడం నేను చూశాను. ఆ చదువు నిబంధనను 2019లో తీసేయడం సరైన పనే.

ఆ తరువాత వచ్చిన మార్పు పెద్దది. తేలికపాటి వాహనం, అంటే ఎల్‌ఎంవీ లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాన్ని వేరే ఎండార్స్‌మెంటు లేకుండానే నడపవచ్చని 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 ఏప్రిల్‌లో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు ఆ మేరకు సూచన పంపింది. 2024 నవంబరు 6న బజాజ్ అలయన్జ్, రంభాదేవి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా అదే మాటను ఖాయం చేసింది. ట్యాక్సీలు, ఆటోలు, చిన్న గూడ్సు బండ్లు అన్నీ ఆ బరువుకు లోబడే ఉంటాయి. ఆ తీర్పు వెనుక ఉన్న న్యాయాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ప్రమాదంలో మనిషి చనిపోతే, డ్రైవరు లైసెన్సు మీద ఎండార్స్‌మెంటు లేదన్న ఒక్క కారణంతో బీమా కంపెనీలు పరిహారం ఎగవేసేవి, ఆ కుటుంబాలు ట్రైబ్యునళ్ళ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగేవి. ఎండార్స్‌మెంటు లేని డ్రైవర్ల వల్లే ప్రమాదాలు పెరిగాయని చూపే గణాంకాలేవీ కోర్టు ముందుకు రాలేదు కూడా.

కానీ దాని పర్యవసానం ఒకటి జనం గమనించలేదు. 2019 సవరణ ప్రకారం 30 ఏళ్ళ లోపు వయసులో తీసుకున్న మామూలు లైసెన్సు 40 ఏళ్ళు నిండేదాకా చెల్లుతుంది. 22 ఏళ్ళ కుర్రవాడు ఎల్‌ఎంవీ లైసెన్సు తీసుకున్నాడనుకోండి. ఆ పూట తన ఆరోగ్యం బాగుందని తానే సంతకం చేసి ఇస్తే చాలు. ఆ మర్నాటి నుంచి 18 ఏళ్ళ పాటు అతను రాత్రింబవళ్ళు ట్యాక్సీ నడిపినా, లైసెన్సు ఇచ్చిన కార్యాలయం అతని కళ్ళను మళ్ళీ చూడవలసిన అవసరం చట్టప్రకారం లేదు. పాత ఎండార్స్‌మెంటు ఉండి ఉంటే ఆ కాలంలో మూడుసార్లయినా వైద్యుడి ముందుకు వెళ్ళేవాడు.

ఇది కాగితం మీది భయం కాదని చెప్పడానికి, నా ఉద్యోగం చివరి రోజుల్లో రెన్యువలుకు వచ్చిన ఒక డ్రైవరు సంగతి చెబుతాను. పాత నిబంధనలో ఇచ్చిన 20 ఏళ్ళ లైసెన్సు గడువు తీరి వచ్చాడు. 2018 సూచన తరువాత ఆ లైసెన్సు మీదే క్యాబ్ నడుపుతున్నాడు, అదీ ఎక్కువగా విమానాశ్రయం రాత్రి ట్రిప్పులు. దరఖాస్తు ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటును పోల్చుకోగలరా అని. అందరూ అవునని టిక్కు పెట్టేస్తారు, అతనూ పెట్టాడు. నేను ఆవరణలోకి తీసుకువెళ్ళి, గోడవారన నిలబెట్టిన బండి చూపించి చదవమన్నాను. ముందరి రెండు అక్షరాలు అలవాటు కొద్దీ చెప్పేశాడు. అంకెల దగ్గర కళ్ళు చికిలించి, 3ను 8 అన్నాడు, 1ని 7 అన్నాడు, తరువాత ఒక అడుగు ముందుకు వేశాడు. అబద్ధమాడే మనిషి కాదు. ఎదుటి బండి లైటు పడితే రాత్రిపూట దారంతా తెల్లగా అయిపోతోందని, అందరికీ అలాగే ఉంటుందేమో అనుకున్నానని చెప్పాడు. కంటి వైద్యుడి దగ్గరకు పంపితే దూరపు చూపు బాగా తగ్గిందని తేలింది, రక్తంలో చక్కెర కూడా ఎక్కువగా ఉంది. అద్దాలు, మందులతో తిరిగి వచ్చాడు, రెన్యువలు చేశాము. అతని జీవనోపాధి పోలేదు. వెనుక సీట్లో నిద్రపోయే ప్రయాణికులకు అంతకుముందు లేని భద్రత వచ్చింది. అనుమతి అనేది ఉండవలసింది ఇందుకే.

ఆ పనిని ఇప్పుడు ఎవరు చేస్తున్నారని మీరు అడగవచ్చు. 2019లో సవరించిన 93వ సెక్షను కింద యాప్ కంపెనీలకు రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది. 2020లోనూ, మళ్ళీ 2025 జూలైలోనూ కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డ్రైవర్ల వైద్య పరీక్ష, పోలీసు విచారణ, శిక్షణ చూసుకోవలసింది ఆ కంపెనీ. అంటే రాష్ట్రం కంపెనీని చూస్తుంది, కంపెనీ డ్రైవరును చూస్తుంది. ఇందులో నాకు రెండు అభ్యంతరాలున్నాయి. రోడ్డు మీద ఎక్కువ మంది డ్రైవర్లు ఉంటేనే లాభం వచ్చే సంస్థ చేతిలో, డ్రైవరును ఆపే అధికారం ఒక్కటే పెట్టడం సరికాదు. అంతకన్నా ముఖ్యమైనది, కంపెనీ తీర్పు ఆ కంపెనీ గోడలు దాటదు. ప్రయాణికురాలితో అసభ్యంగా ప్రవర్తించినవాణ్ణి ఒక యాప్ తొలగిస్తే, మరుసటి వారం మరొక యాప్‌లో చేరతాడు. అది కుదరకపోతే ఏ ట్రావెల్స్ వారి దగ్గరో చేరి పెళ్ళిళ్ళకూ తిరుపతి ప్రయాణాలకూ బండి నడుపుతాడు. అక్కడ ఈ మార్గదర్శకాలు వర్తించవు. అదే విధంగా, ఏ తప్పూ చేయని డ్రైవరు ఐడీని కంపెనీ ఒక్క మెసేజీతో ఆపేస్తే, ఎందుకు ఆపారో చెప్పమని అడగడానికి అతనికి ఒక అధికారి ఎదుట కుర్చీ లేదు. డ్రైవర్ల సంఘాలు రాష్ట్ర అనుమతిని భారంగా చూస్తున్నాయి గానీ, ఆ అనుమతితోబాటు వచ్చే నోటీసు, విచారణ, అప్పీలు హక్కులు వారికి ఇప్పుడు దొరకనివి.

2014 డిసెంబరు 5న ఢిల్లీలో ఉబర్ క్యాబ్‌లో జరిగిన అత్యాచారం తరువాత బయటపడిన విషయాలు ఈ సందర్భంలో మరిచిపోకూడదు. ఆ డ్రైవరు మీద ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి జిల్లాలో అంతకుముందే కేసులున్నాయి. ఢిల్లీ పోలీసుల పేరిట అతను చూపిన నడవడి ధ్రువపత్రం నకిలీది. పక్క రాష్ట్రంలోని రికార్డును ముందుగా ఎవరూ పట్టుకోలేకపోయారు. ఆ తరువాత కంపెనీని ఢిల్లీలో నిషేధించారు, నేరస్థుడికి 2015లో జీవిత ఖైదు పడింది. శిక్ష పడటం అవసరమే. అయినా ఆ కాగితాన్ని ముందే పట్టుకోవలసిన బల్ల ఒకటి ఉండాలన్నది నా బాధ.

ఈ అనుమతి నగరం చేతిలో ఉంటే మేలని వాదించేవారున్నారు. హైదరాబాదు రద్దీ హైదరాబాదుకే తెలుసు, ఆదిలాబాదుకు అదే నిబంధన ఎందుకని వారి మాట. అందులో కొంత నిజం ఉంది. స్టాండ్లు ఎక్కడుండాలి, ఎన్ని కాంట్రాక్టు క్యారేజీలు, అంటే ట్యాక్సీల వంటి కిరాయి బండ్లు, తిరగాలి అన్నవి ఊరినిబట్టి తేల్చవలసినవే. 5 లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాల్లో వాటి సంఖ్యకు పరిమితి పెట్టే వీలు 74వ సెక్షనులో ఇప్పటికే ఉంది. కానీ అది బండ్ల లెక్క. మనిషి యోగ్యతను ఊరినిబట్టి మార్చకూడదు. శంషాబాద్ నుంచి ఒక క్యాబ్ ఉప్పల్ చేరేలోగా ఒకటికి మించిన పోలీసు కమిషనరేట్ల పరిధులు దాటుతుంది. అదే డ్రైవరు మర్నాడు సూర్యాపేట మీదుగా విజయవాడ కిరాయికి వెళతాడు. నగరం గీసిన గీత అతని పనికి ఎక్కడా అతకదు.

నగరాలకూ స్థానిక సంస్థలకూ వదిలేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఇంగ్లండును చూడాలి. అక్కడ ట్యాక్సీ, ప్రైవేట్ హైర్ (ముందుగా బుక్ చేసుకుంటేనే ఎక్కించుకునే కిరాయి బండి) డ్రైవర్ల లైసెన్సులు కౌన్సిళ్ళనే 260కి పైగా స్థానిక సంస్థల చేతుల్లో ఉన్నాయి. లండన్ బయటి ట్యాక్సీలకు ఆధారం 1847 నాటి చట్టం, ప్రైవేట్ హైర్ బండ్లకు 1976 నాటి చట్టం. ఒక కౌన్సిల్లో ఫీజు ఎక్కువ, పరీక్ష కఠినం. మరొక దానిలో త్వరగా, చౌకగా అయిపోతుంది. దాంతో వేరే ఊళ్ళలో పనిచేసే వేలమంది డ్రైవర్లు వుల్వర్‌హాంప్టన్ కౌన్సిల్ నుంచి లైసెన్సులు తెచ్చుకుంటున్నారు. పక్క ఊరి లైసెన్సున్న డ్రైవరు మీద ఈ ఊరి అధికారికి సాధారణంగా అధికారం ఉండదు. ఇంగ్లండులోనే రాదరమ్ అనే పట్టణంలో పిల్లలపై ఏళ్ళ తరబడి సాగిన లైంగిక దోపిడీ మీద 2014లో వచ్చిన నివేదికలో ట్యాక్సీ డ్రైవర్ల పాత్ర ప్రస్తావనకు వచ్చింది. ఆ మరుసటి ఏడాది జరిగిన తనిఖీ, ఆ కౌన్సిల్ ట్యాక్సీ లైసెన్సింగ్ విభాగం తన బాధ్యతలో విఫలమైందని తేల్చింది. ఒక కౌన్సిల్ తిరస్కరించినవాడి వివరాలను ఉమ్మడి డేటాబేసులో నమోదు చేయాలని, కొత్త దరఖాస్తు వచ్చినప్పుడు అందులో వెతకాలని నిబంధన పెట్టడానికి 2022 చట్టం దాకా ఆగవలసి వచ్చింది. మనం అదే దారిలో మొదటి నుంచి నడవనక్కరలేదు.

అలాగని రాష్ట్రం చేతికి వెళ్ళగానే అంతా బాగుపడుతుందనీ కాదు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఆస్టిన్ నగరం యాప్ డ్రైవర్ల వేలిముద్రలు తీసుకుని నేరచరిత్ర చూడాలని నిబంధన పెట్టింది, 2016 మేలో ఓటర్లు దానివైపే నిలిచారు. ఉబర్, లిఫ్ట్ అనే యాప్ కంపెనీలు రెండూ నగరం విడిచి వెళ్ళాయి. ఏడాది తిరిగేసరికి రాష్ట్ర శాసనసభ నగరాల అధికారాన్ని తొలగిస్తూ, వేలిముద్రలు అక్కరలేని ఒకే చట్టం తెచ్చింది, 2017 మే చివర గవర్నరు సంతకంతో కంపెనీలు తిరిగి వచ్చాయి. అక్కడ రాష్ట్ర స్థాయి అనేది ప్రమాణాన్ని తగ్గించే సాధనమైంది. అందుచేత కనీస ప్రమాణం కేంద్ర నిబంధనల్లో ఉండాలి, రాష్ట్రం దానికి పైన చేర్చగలగాలే తప్ప కిందికి దిగకూడదు.

మీ తమ్ముడి విషయంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. రాష్ట్ర అనుమతి అనగానే మన దగ్గర మొదట వినబడేది లోకల్, నాన్‌లోకల్. మహారాష్ట్రలో బ్యాడ్జికి 15 ఏళ్ళ నివాసం కావాలన్న నిబంధన ఉంది. 2010 జనవరిలో ట్యాక్సీ పర్మిట్లకు మరాఠీ తప్పనిసరి అని అక్కడి మంత్రివర్గం ప్రకటించి, దేశమంతా గోల రేగితే స్థానిక భాషల్లో ఏదైనా సరేనని సర్దుకుంది. ఆటో పర్మిట్లకు మరాఠీ తప్పనిసరి అన్న నిబంధనను 2017లో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. మన రెండు రాష్ట్రాలకు వర్తించే రాజ్యాంగం 371-డి అధికరణం ప్రభుత్వోద్యోగాలకూ చదువులకూ సంబంధించినది. సొంత చెమటతో బండి నడుపుకునేవాడికి దాన్ని చుట్టాలని చూడటం అన్యాయం. ఊరి దారులు తెలియాలి, ప్రయాణికుడితో నాలుగు మాటలు మాట్లాడగలగాలి అంటే ఒప్పుకుంటాను; తాత ఎక్కడ పుట్టాడని అడిగితే మాత్రం ఒప్పుకోను. ఒక రాష్ట్రం ఇచ్చిన ప్రయాణికుల అనుమతిని మరొక రాష్ట్రం గుర్తించి తీరాలని, అక్కడ తప్పు చేస్తే అక్కడి అధికారే దాన్ని నిలిపివేయవచ్చని రెండూ ఒకే వాక్యంలో రాయాలి.

ఇందుకు కొత్త చట్టం కూడా అక్కరలేదని నా నమ్మకం. డ్రైవర్ల బ్యాడ్జిలు, యూనిఫాం గురించి నిబంధనలు చేసే అధికారం 28వ సెక్షను కింద రాష్ట్రాలకు ఉంది. ప్రయాణికులపై దాడి, వారి సొత్తు దొంగతనం, వారిని ఎత్తుకుపోవడం వంటి పనులు చేసిన డ్రైవరు లైసెన్సును నిలిపివేసే అధికారం 19వ సెక్షను, కేంద్ర నిబంధనల్లో 21వది కలిపి లైసెన్సింగ్ అధికారికి ఇచ్చాయి. కత్తి ఉంది గానీ ఫిర్యాదు ఆ గుమ్మానికి రావడం లేదు. అది యాప్‌లోని చుక్కల రేటింగుతో ఆగిపోతోంది. నేను కోరేది ఏ జిల్లా కార్యాలయంలోనైనా తీసుకోగలిగే, రాష్ట్రమంతటికీ ఒకే వరుస నంబరున్న బ్యాడ్జి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల కోడ్లు పోయి కొత్త బండ్లకు ఏపీ 39 వచ్చినట్టే ఇదీ రావచ్చు. దానికి అయిదేళ్ళకోసారి కంటి, ఆరోగ్య పరీక్ష. మొదటిసారీ ప్రతి రెన్యువలుకూ అన్ని రాష్ట్రాల రికార్డులతో పోలీసు విచారణ. యాప్ అయినా ట్రావెల్స్ అయినా తీవ్రమైన ఫిర్యాదును రవాణా శాఖకు పంపవలసిన బాధ్యత. నిలిపివేతకు ముందు డ్రైవరు మాట వినే విచారణ ఉండాలి. బీమా మాత్రం ఈ బ్యాడ్జితో ముడిపడకూడదు. బ్యాడ్జి లేకుండా నడిపితే డ్రైవరుకు జరిమానా పడాలి గానీ ప్రమాద బాధితుడి పరిహారం ఒక్క రూపాయి తగ్గకూడదు. లేకపోతే 2024 తీర్పు మూసిన తలుపును మనమే మళ్ళీ తెరిచినట్టవుతుంది.

దీనికి ఒక ముందు షరతు ఉంది. రాష్ట్రాల రికార్డులు ఒకదానికొకటి కనబడాలి. బండ్ల రిజిస్ట్రేషన్ల జాతీయ డేటాబేసైన వాహన్ లెక్కల్లో తెలంగాణ వివరాలు చాలా ఏళ్ళు కలవలేదు. ఆ పట్టికల కింద తెలంగాణ మినహా అని రాసి ఉండేది. కర్నూలు రికార్డు హైదరాబాదు అధికారి తెర మీద కనబడకపోతే ఎంత మంచి బ్యాడ్జి అయినా రేకు ముక్కే.

ప్రస్తుతానికి మీ తమ్ముడు చేయవలసినది వేరు. లైసెన్సు మార్చనక్కరలేదు, ఎవరు అడిగినా ధైర్యంగా చూపించమనండి. కారు 12 నెలలకు మించి తెలంగాణలో ఉంటే 47వ సెక్షను ప్రకారం ఇక్కడి రిజిస్ట్రేషను గుర్తు తీసుకోవాలి. ముందుగా కర్నూలు కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని, ఇక్కడి పన్ను కట్టి, ఆ తరువాత ఇక్కడి పర్మిటుకు దరఖాస్తు చేసుకోవాలి. కారు మీద అప్పుంటే ఫైనాన్సు ఇచ్చినవారి సమ్మతి కూడా కావాలి కాబట్టి ఆ పనితోనే మొదలుపెట్టమనండి. ఎక్కువ ఆలస్యం జరిగేది అక్కడే. దారిలో ఆపి బెదిరించేవారితో వాదించవద్దు. కాగితాలు అడిగే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసుకూ రవాణా శాఖ అధికారికీ మాత్రమే ఉంది. మరెవరైనా బండి ఆపితే తలుపులు వేసుకుని 100కు గానీ 112కు గానీ ఫోను చేయమనండి.